బటన్ ఫోన్ ఉన్నా సాయం అందుతుంది

ప్రశ్న: మా ఆయన పోయి ఏడాదైంది. ఆయన చేసిన అప్పుల కోసం ఇంటికొచ్చి గొడవ చేస్తున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు, బతకాలనిపించడం లేదు. ఎవరినడిగినా ఆన్‌లైన్‌లో చూసుకోమంటారు. నాది బటన్ ఫోను. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ అది. ఇంటర్నెట్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు. బతకాలనిపించడం లేదని నాకు రాసినట్టే వాళ్లకూ చెప్పండి, దాచొద్దు. ఈ రాత్రికి అక్కనో, పక్కింటావిడనో తోడు పడుకోమనండి.

ఇక అప్పు. మీరు సంతకం గానీ, హామీ గానీ పెట్టకపోతే, ఆయన వదిలి వెళ్లిన ఆస్తి మేరకే ఆ బాకీకి బాధ్యత. మీ సొంత సంపాదన జోలికి రాకూడదు. కొత్త కాగితం మీద వేలిముద్ర మాత్రం వేయకండి. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్లు దారి చూపిస్తారు. ఆడవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా, లాయర్‌ని ఉచితంగా ఇవ్వాలని 1987 చట్టమే చెబుతోంది. ఆన్‌లైన్ దరఖాస్తు అవసరమైతే మీసేవలోనో సచివాలయంలోనో చేయించుకోండి. ఓటీపీ మాత్రం ఫోన్లో అడిగిన వాళ్లెవరికీ చెప్పకండి.