చుట్టుకొలత, విస్తీర్ణము: పటము చూచి పొలము లెక్కించుట

ఆమదాలవలస ప్రాంతమున కాలువల క్రింది వరి మళ్ళు గాని, మెట్టపై గోగు వేయు చేలు గాని అన్నియు చదరముగా ఉండవు. ఒకటి నాలుగు మూలలది, ఒకటి అయిదు మూలలది. అన్నదమ్ములు పంచుకొనునపుడు “చుట్టుకొలత సమానమే గదా, భూమియు సమానమే” అని సరిపెట్టుకొనుట కలదు. ఈ పొరపాటువలన ఒకరి వాటాలో సెంట్లకు సెంట్లు తగ్గిపోవును.

సరూపత అనగా నేమి?

పటములోని బొమ్మ పొలమునకు సరూపముగా ఉండవలెను. అందుకు రెండు షరతులు కలవు. మూలల కోణములు సమానముగా ఉండవలెను. భుజములన్నియు ఒకే నిష్పత్తిలో తగ్గవలెను. ఒకటి కుదిరి రెండవది కుదరనిచో అది సరూపము కాదు.

పటము నుండి పొలమునకు

పాత గ్రామ పటములలో పెక్కింటికి స్కేలు మైలుకు 16 అంగుళములు. అనగా పటములో 1 అంగుళము పొలములో 5 గొలుసులు, అనగా 330 అడుగులు. గొలుసు 66 అడుగులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరము. కావున చుట్టుకొలతకు అంగుళమునకు 5 గొలుసులు చొప్పున కట్టవలెను. విస్తీర్ణమునకు మాత్రము 5ను 5తో హెచ్చించి, చదరపు అంగుళమునకు 25 చదరపు గొలుసులు, అనగా రెండున్నర ఎకరములు కట్టవలెను.

ఉదాహరణకు పటములో 0.8 అంగుళముల పొడవు, 0.6 అంగుళముల వెడల్పు గల దీర్ఘచతురస్రపు మడిని తీసికొనుడు. పొలములో అది 4 గొలుసులు, 3 గొలుసులు. చుట్టుకొలత 14 గొలుసులు, అనగా 924 అడుగులు. విస్తీర్ణము 12 చదరపు గొలుసులు, అనగా 1 ఎకరము 20 సెంట్లు.

కర్ణము తప్పక కొలువవలెను

ఈ మడి కర్ణము సరిగా 5 గొలుసులు. అవే నాలుగు భుజములతో మడి ప్రక్కకు ఒరిగి, ఎదురెదురు గట్ల నడుమ నిలువు దూరము 3 గొలుసులకు బదులు 2.4 గొలుసులైనదనుకొనుడు. చుట్టుకొలత మారదు, విస్తీర్ణము మాత్రము 96 సెంట్లకు దిగును. 24 సెంట్లు పోయినట్లే! అప్పుడు చిన్న కర్ణము సుమారు 215 అడుగులు, పెద్దది సుమారు 414 అడుగులు ఉండును. మూడు భుజములు తెలిసిన త్రిభుజము కదలదు. నాలుగు భుజములు మాత్రమే తెలిసిన పొలము కదలును. అందుచేతనే సర్వేయర్లు పొలమును త్రిభుజములుగా విభజించి కొలుతురు.

జిరాక్సు పటముతో జాగ్రత్త

పటమును సగము సైజుకు తగ్గించి జిరాక్సు తీసి, పాత స్కేలుతోనే కొలిచినచో పై మడి చుట్టుకొలత 462 అడుగులుగా, సగము కనబడును. విస్తీర్ణము 30 సెంట్లుగా, నాలుగవ వంతే కనబడును. కావున నకలు తీయుటకు ముందు అసలు పటముపై “ఇది 5 గొలుసులు” అని ఒక అంగుళపు గీత గీయుడు. బొమ్మతోపాటు గీతయు తగ్గును గనుక దానితోనే కొలువవచ్చును. 2020లో ఆరంభమైన రీసర్వేలో డ్రోన్లతోను, రోవర్లతోను తయారైన పటములకును ఈ సూత్రమే వర్తించును. వాటిపై ముద్రించిన స్కేలు ముందు చూడవలెను.

పంపకము, గట్లు

పై మడిని నలుగురు సరూపమైన నాలుగు ముక్కలుగా పంచుకొన్నచో ఒక్కొక్కరికి 30 సెంట్లు వచ్చును. కాని ఒక్కొక్కరి చుట్టుకొలత 7 గొలుసులు, అందరిదీ కలిపి 28. ఎవరి కంచె వారు వేసికొన్నచో తీగ రెట్టింపు కావలెను. నడుమ వేయు గట్లు 462 అడుగులు. 2 అడుగుల వెడల్పున సుమారు 2 సెంట్ల భూమిని అవి తినివేయును.

గుర్తుంచుకొనవలసినవి

1. భుజములు రెట్టింపైనచో చుట్టుకొలత రెట్టింపు, విస్తీర్ణము నాలుగు రెట్లు.
2. చుట్టుకొలతను బట్టి కంచె ఖర్చు కట్టవలెను. విత్తనము, ఎరువు, శిస్తు విస్తీర్ణమును బట్టి కట్టవలెను.
3. కర్ణపు కొలత లేని పంపకపు కాగితముపై సంతకము చేయరాదు.