రాత్రే నీళ్లు పోసుంచండి

ఉద్యోగానికి పాడేరు వచ్చిన మొదటి చలికాలంలో ఒక ఆదివారం రాజ్మా కూర వండాలని కూర్చున్నాను. సంతలో కొన్న కొత్త గింజలు, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. కడిగి గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. రెండు గంటలు గడిచినా పంటి కింద రాళ్లలాగే తగిలాయి. మధ్యాహ్నం మూడింటికి ఆవకాయ అన్నంతో సరిపెట్టుకున్నాను. పక్కింటి అక్క వచ్చి గిన్నె మూత తీసి చూసి, "మాస్టారూ, రాత్రే నీళ్లు పోసుంచాల్సిందండి" అంది. ఆ ఒక్క మాట ఇన్నేళ్లుగా నాకు పనికొస్తూనే ఉంది.

2022 ఏప్రిల్ 4న పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం అయింది. అప్పట్నుంచి కొత్త ఆఫీసులు వచ్చాయి, అద్దె గదుల్లో ఒంటరిగా ఉండే కుర్ర ఉద్యోగులూ పెరిగారు. సాయంత్రం గదికి చేరేసరికి ఒళ్లు అలిసిపోతుంది. వండుకోవడానికి టైమ్ లేదంటూ నూడుల్స్ ప్యాకెట్ చించుతారు. ఇక్కడి ఆశ్రమ పాఠశాలల్లో చదివి డిగ్రీకో నర్సింగుకో విశాఖ వెళ్లిన పిల్లలదీ అదే కథ. వాళ్లలో చాలామందికి వంట వచ్చు. వండాల్సిన వేళకు సగం పని ముందే అయి ఉండాలన్న సంగతి మాత్రం వాళ్లకెవరూ చెప్పలేదు.

డబ్బా ఆహారం ఎందుకంత త్వరగా వంటకు వస్తుందో ఒక్కసారి ఆలోచించండి. టిన్నులోని శనగలను ఎవరో నానబెట్టారు, ఎవరో ఉడికించారు, ఎవరో మూత బిగించారు. మన వంతుకు తాలింపు ఒక్కటే మిగిలింది. మనం డబ్బులిచ్చి కొంటున్నది ఆ ముందు జరిగిన పనిని. ఇలా నిల్వ చేయడం కనిపెట్టిన నికొలా అప్పేర్ అనే ఫ్రెంచి మిఠాయి తయారీదారు పద్నాలుగేళ్లకు పైగా సీసాలతో ప్రయోగాలు చేసి, 1810లో ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. తిండి ఎందుకు పాడవకుండా ఉంటోందో ఆయనకు తెలియదు. సూక్ష్మజీవుల సంగతి లూయీ పాశ్చర్ తేల్చడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. కారణం తెలియకపోయినా పద్ధతి తప్పలేదు కాబట్టే అప్పేర్ గెలిచాడు. రోజువారీ అలవాట్లు అలవర్చుకునే వాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మన కొండల్లో టిన్ను లేదు గానీ ఆ తెలివి ఎప్పటి నుంచో ఉంది. వానలు పట్టి గెడ్డలు పొంగితే ఊరు దాటలేని రోజులుంటాయని తెలుసు కాబట్టి, ఎండలున్నప్పుడే వానాకాలం తిండి సిద్ధం చేసుకుంటారు. వానల్లో దొరికే వెదురు కొమ్ములను కూడా తరిగి, ఎండ కాసినప్పుడు ఎండబెట్టి దాచుకుంటారు. మామిడి కాయలు ఒరుగులవుతాయి. సముద్రం ఒడ్డు నుంచి ఘాట్ ఎక్కి వచ్చిన ఎండు నెత్తళ్లు సంతలో కొని పొయ్యి పైన వెచ్చగా దాచుకుంటారు. సామలు, చోళ్లు ఇంట్లో నిల్వ ఉంటాయి. ఆ ఇంటి ఆడమనిషి అడవి నుంచి చీకటిపడ్డాక వచ్చినా అరగంటలో అందరికీ వేడిగా పెట్టగలుగుతుంది. ఆమె చేతుల్లో వేగం ఉంది నిజమే, దాని వెనక వేసవి అంతా చేసిన చాకిరీ ఉంది.

ఈ పని మీ గదిలోనూ చేయొచ్చు. చింతపల్లి, జి.మాడుగుల, పాడేరు వైపు పండే రాజ్మాతోనే మొదలుపెట్టండి. 100 గ్రాముల పొడి గింజలు ఉడికాక 240 గ్రాముల దాకా అవుతాయి. సూపర్ మార్కెట్‌లో దొరికే 400 గ్రాముల టిన్నులో నీళ్లు వంపేస్తే మిగిలే గింజలు కూడా దాదాపు అంతే. అంటే ఆ 100 గ్రాముల గింజలు రాత్రి నానేసి పొద్దున ఉడికిస్తే ఒక టిన్ను మీ చేతిలో ఉన్నట్టే.

అయితే ఇక్కడ కొండ ఎత్తు సంగతి ఒకటుంది. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది. విశాఖలో 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు ఇక్కడ 97 దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. నా గిన్నెలో రాజ్మా ఉడకకపోవడానికి నానకపోవడం ఒక కారణమైతే, ఇది రెండోది. కుక్కర్ మూత పెడితే లోపలి వేడి మరో 20 డిగ్రీలు పెరుగుతుంది. కొత్తగా కాపురం పెట్టేవాళ్లు ఇక్కడ మంచం కంటే ముందు కుక్కర్ కొనుక్కోవాలని నేను మనస్ఫూర్తిగా చెబుతాను.

నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో బాగా మెత్తబడేదాకా ఉడికించండి. సగం ఉడికిన రాజ్మా తినొద్దు. పచ్చి గింజల్లో ఉండే లెక్టిన్ వల్ల నాలుగైదు గింజలకే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. ఉడికినవి చల్లారాక మూతున్న స్టీలు డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిశ్చింత. సాయంత్రం వచ్చాక ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, టమాటా వేయించి, నూనె తేలగానే ఆ గింజలు వేయండి. పసుపు ఇక్కడిదే, మిరియాలు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకినవే. పావుగంటలో కూర దిగుతుంది. రెండో రోజు అవే గింజలు అన్నంలో కలిపి పోపు పెట్టుకోండి, మూడో రోజు మెదిపి చపాతీలో పెట్టుకోండి.

టిన్నులు కొనడం తప్పని నేననను. డల్లాస్‌లో చదువుకునే మన పిల్లాడు టిన్ను శనగలతో కూర చేసుకుంటే అది ఇంటి వంటే. కొనేటప్పుడు ఉబ్బినవి, అతుకుల దగ్గర సొట్టపడినవి, తుప్పు పట్టినవి వదిలేయండి. గింజలను నీళ్లతో కడిగితే ఉప్పు 40 శాతం దాకా తగ్గుతుంది. కూరలో ఉప్పు చివర్లో, రుచి చూశాకే వేయండి. మిగిలింది టిన్నులోనే ఉంచకుండా వేరే గిన్నెలోకి మార్చండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఉడికించిన కూరగాయలనో గింజలనో సీసాలో బిగించి ఇంట్లోనే టిన్ను ఆహారం తయారు చేద్దామనుకోవద్దు. గాలి ఆడని చోట పెరిగి బొట్యులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు మామూలు మరుగు నీటికి చావవు. ఫ్యాక్టరీలో 121 డిగ్రీల వేడి పెట్టేది వాటిని చంపడానికే. మన పచ్చళ్లు నిలవడానికి కారణం ఉప్పు, పులుపు. ఎండబెట్టిన వాటికైనా జాగ్రత్త కావాలి. బూజు వాసన వస్తే పారేయాల్సిందే. 2001లో పొరుగున ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంకల జావ తాగిన గిరిజనులు చనిపోయారు. మన ఏజెన్సీలోనూ టెంక పిండిని వాగు నీళ్లలో నానబెట్టి, చేదు పోయేదాకా కడిగి, ఎండలో ఆరబెట్టి అంబలి కాచుకునే ఇళ్లున్నాయి. ఆ పద్ధతిలో ఒక్క మెట్టు తప్పినా ప్రమాదమే. ఆ టెంక తప్ప ఇంట్లో మరేమీ లేని రోజు ఎవరికీ రాకూడదని ప్రభుత్వాన్ని అడిగే హక్కు కూడా మనకుంది.

విశాఖ హాస్టల్లో ఉన్న చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక మాట. ఇంటి నుంచి అమ్మ కట్టిచ్చిన ఎండు నెత్తళ్ల మూట బయటికి తీయడానికి గదిలో వాళ్లేమనుకుంటారోనని వెనకాడుతున్నారట. తీయండి. వేడినీళ్లలో కడిగి, చింతపులుసు పోసి వండి, వాళ్లకూ ఒక ముద్ద పెట్టండి. ఎండిన వెదురు కొమ్మును ఎలా నానబెట్టాలో, ఎన్ని నీళ్లు మార్చాలో మీ అమ్మకు తెలిసినంత ఏ హోటల్ వంటవాడికీ తెలియదు. ఫోన్ చేసి అడిగి రాసుకోండి.

ఈసారి సంతకు వెళ్లినప్పుడు ఒక కిలో రాజ్మా కొనుక్కోండి. ఆ రాత్రి పడుకునే ముందు గుప్పెడు గింజలు గిన్నెలో వేసి, మునిగేంత నీళ్లు పోసి మూత పెట్టండి.