గర్భం పోయిందా? పోలీసు కేసని భయపడి ఇంట్లో ఉండిపోకండి

కొన్నేళ్ల క్రితం నాట్ల రోజుల్లో, రాత్రి పదకొండు దాటాక, కైకలూరు వైపు నుంచి ఆటోలో ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. మూడో నెల. రెండు రోజులుగా రక్తం పోతూనే ఉంది. మడత పెట్టుకున్న పాత గుడ్డలన్నీ తడిసి ఆటో సీటు మీదికి కారింది. బి.పి. చూస్తే పై అంకె 80. సెలైన్ పెట్టి, రక్తం కోసం మనిషిని పంపి, డాక్టరుగారు లోపల మిగిలిన ముక్కలు తీసేశాక తెల్లవారుజామున కళ్లు తెరిచింది. నా చెయ్యి పట్టుకుని మొదట అడిగిన మాట, "సిస్టరుగారూ, పోలీసులు వస్తారా అండీ?" అని.

ఆ అమ్మాయి ఏ మాత్రా మింగలేదు. గర్భం దానంతట అదే పోయింది. "కడుపు పోయిందని ఆసుపత్రికి వెళ్తే కేసు రాస్తారు" అని పక్కింటావిడ చెప్పిందట. అత్తగారేమో "బొప్పాయి తిన్నావా, నువ్వులు తిన్నావా" అని పోరు పెట్టిందట. రెండు రోజుల ఆలస్యానికి కారణం ఇదే.

సోదరీమణులారా, ముందు ఒక సంగతి తెలుసుకోండి. నిలిచిందని తెలిసిన గర్భాలలో నూటికి పది నుంచి ఇరవై దాకా దానంతట అవే పోతాయి. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సుమారు సగం పిండం క్రోమోజోముల లోపం వల్ల పోతాయి. అంటే ఆ పిండం మొదటి నుంచీ ఎదిగే స్థితిలో లేదన్నమాట. ఊరంతా చెప్పుకునే పండిన బొప్పాయి ముక్క, ఎత్తిన నీళ్ల బిందె, భర్తతో పోట్లాట అందుకు కారణం కావు. అత్తగార్లు కూడా ఈ పేజీ చదివితే బాగుండును.

ఇక చట్టం సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 312వ సెక్షను ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 88వ సెక్షను అయింది. నంబరు మారింది గాని సారం మారలేదు. తల్లి ప్రాణం కాపాడటానికి కాకుండా, కావాలని గర్భస్రావం కలిగించినవారికి మూడేళ్ల దాకా జైలు, కడుపులో బిడ్డ కదలిక వచ్చాక అయితే ఏడేళ్ల దాకా. దాని కింద చిన్న వివరణ ఉంది. తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీ కూడా ఈ సెక్షను కిందికి వస్తుందని. భయమంతా ఈ ఒక్క వాక్యంలోంచి పుట్టిందే.

కానీ "కావాలని" అనే మాట గమనించండి. దానంతట పోయిన గర్భానికి ఈ సెక్షనుతో సంబంధం లేదు. పైగా మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు ఈ సెక్షను కింద అరెస్టు చేయలేరు, బెయిలు కూడా దొరుకుతుంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం అర్హత ఉన్న డాక్టరు చేస్తే అసలు నేరమే కాదు. 2021 సవరణతో 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచారానికి గురైనవారు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్తను కోల్పోయినవారు మొదలైన కొందరికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలకూ ఇది వర్తిస్తుందని చెప్పింది. ఆమె పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు పడవచ్చు.

భార్యకు తెలియకుండా పాలల్లో మాత్రలు కలిపి ఇచ్చినా, తన్ని గర్భం పోగొట్టినా అది వేరే సెక్షను, 89. ఆమె ఇష్టం లేకుండా చేసినవారికి పదేళ్లు, లేదా యావజ్జీవం కూడా. అక్కడ నేరస్థురాలు ఆమె కాదు.

మాది మిషన్ ఆసుపత్రి. గర్భాన్ని దేవుని ఈవిగా చూసేవాళ్లం. గర్భం తీయించుకోవాలని వచ్చినవారికి ఇక్కడ ఆ పని చేయరు. అందువల్ల కొందరు నన్ను అడుగుతారు, "మరి తీయించుకున్న ఆడదానికి శిక్ష ఉండాలి కదా సిస్టర్?" అని. ఉండకూడదని నా అభిప్రాయం. నిర్గమకాండము 21వ అధ్యాయంలో కొట్లాటలో గర్భిణికి దెబ్బ తగిలిన సందర్భం ఉంది. అక్కడ కూడా జరిమానా కట్టవలసింది కొట్టినవాడే. మన 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కూడా భర్త, బంధువులే ఆమెను బలవంతపెట్టారని ముందుగా భావిస్తుంది.

శిక్ష ఉంటే భయపడి మానేస్తారని వాదించేవారున్నారు. ముప్పై గంటలు రక్తం పోయాక వచ్చినవాళ్లను చూసినదాన్ని, భయపడి మానేసేది ఆసుపత్రికి రావడమే అని చెప్పగలను. ఎల్ సాల్వడార్ దేశంలో కోర్టు పత్రాలు మాన్యుయేలా అని పిలిచిన ఒక పేదతల్లి 2008లో బిడ్డను కోల్పోయి ఆసుపత్రికి వెళితే, అక్కడి నుంచే కేసు మొదలైంది. హత్య కింద 30 ఏళ్ల శిక్ష వేశారు. ఆ శిక్షలో ఉండగానే 2010లో క్యాన్సరుతో చనిపోయింది. ఆ ప్రభుత్వానిదే తప్పని అమెరికా ఖండాల మానవహక్కుల కోర్టు 2021లో తీర్పు చెప్పింది. మనకు 312 రాసిపెట్టి వెళ్లిన బ్రిటిషువాళ్ల సొంత పార్లమెంటులోనే, తన గర్భం విషయంలో స్త్రీని నేరస్థురాలిగా చూడవద్దని 2025 జూన్‌లో దిగువ సభ ఓటు వేసింది. మనం నంబరు మార్చి ఊరుకున్నాం.

ఇంకొక జాగ్రత్త. నెలలు నిండే సమయంలో బిడ్డ చనిపోయి పుడితే, పరువు కోసం రాత్రికి రాత్రి కాలువ గట్టున పూడ్చకండి. జననం దాచడానికి రహస్యంగా అలా చేయడం 94వ సెక్షను కింద నేరం, రెండేళ్ల దాకా శిక్ష. 28 వారాలు దాటి చనిపోయి పుట్టిన బిడ్డను రిజిస్టరు చేయించాలి. ఆశా కార్యకర్తకో, ఏ.ఎన్.ఎం.కో చెబితే దారి చూపిస్తారు.

గంటకు రెండు ప్యాడ్ల చొప్పున తడుస్తున్నా, జ్వరం, దుర్వాసన, కళ్లు తిరగడం ఉన్నా తెల్లారేదాకా ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. మెడికల్ షాపులో కొన్న మాత్ర వేసుకుని ఉంటే ఏ మాత్ర, ఎన్ని, ఎప్పుడు అన్నది మాకు చెప్పండి. మేము అడిగేది మందు సరిగా ఇవ్వడానికే. కేసు ఏదైనా ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. వచ్చేటప్పుడు స్కాన్ కాగితాలు, రక్తం గ్రూపు కార్డు ఉంటే తెచ్చుకోండి. వెతుకుతూ మాత్రం కూర్చోవద్దు.