అంబులెన్సులోని మత్తుమందుకు లెక్క

నూట ఎనిమిది అను అంకెను ఎరుగని పల్లె నేడు మన రాష్ట్రమున లేదనవచ్చును. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ఆరంభమైన ఈ అంబులెన్సు సేవ క్రమముగా మారుమూల తండాలకు సైతము వ్యాపించినది. వాహనము ఎంత శీఘ్రముగా వచ్చినదో, ఏ ఆసుపత్రికి చేర్చినదో గ్రామస్థులు రచ్చబండ వద్ద చెప్పుకొనుట మేము పలుమార్లు వినియున్నాము. ఇటువంటి వాహనములలో మత్తుమందులకు ఉండవలసిన తాళపు పెట్టెను గురించి గాని, ఆ పెట్టె వెంట ఉండవలసిన పుస్తకమును గురించి గాని ఎవరును ముచ్చటించగా వినలేదు. ఈ మాసపు పాఠము ఆ పుస్తకమును గురించినది.

పల్నాడు జిల్లాలోని బొల్లాపల్లి మండలమును ఉదాహరణగా తీసికొందము. అది మెట్టప్రాంతము, మిరప, ప్రత్తి పండు నేల. పల్లెకును పల్లెకును నడుమ దూరము హెచ్చు. ఇచట ఒకరికి ప్రాణాపాయము సంభవించినచో మొదట వినుకొండకు, అవసరమైనచో నరసరావుపేటకు, అంతకు మించినచో గుంటూరు పెద్దాసుపత్రికి పోవలసి వచ్చును. అనగా ఒకే రాత్రి రోగి మూడు నాలుగు చేతులు మారును. ఒక్కొక్క చేతియందు ఒక్కొక్క మందు అతని శరీరములోనికి పోవును. ముందటి చేయి ఏమి ఇచ్చినదో తరువాతి చేయికి తెలియవలెను గదా! నోటిమాటగా చెప్పిన సంగతి ఆ తొందరలో నిలువదు.

ఒక తండాలో నాలుగేండ్ల బాలునికి తీవ్రజ్వరముతో ఫిట్స్ వచ్చినవనుకొందము. తండ్రి ముందుగా పొరుగూరి ఆరెంపీ వద్దకు పరుగెత్తెను. ఆయన ఒక ఇంజక్షను ఇచ్చెను. దాని పేరు చెప్పలేదు, వీరు అడుగలేదు. ఫిట్స్ ఆగకపోవుటచే అంబులెన్సును పిలిచిరి. వాహనములోని టెక్నీషియను కేంద్రములోని వైద్యునితో ఫోనులో మాటలాడి, ఆయన ఆదేశముపై డయాజిపాం 4 మిల్లీగ్రాములు ఇచ్చెను. బాలుడు వినుకొండ చేరులోపల మరల ఫిట్స్ వచ్చినవి. అచటి వైద్యుడు ఇప్పుడేమి చేయవలెను?

డయాజిపాం, మిడాజోలం వంటి మందులు ఫిట్స్‌ను అణచును; మోతాదు మించినచో శ్వాసను గూడ అణచును. ముందు ఎంత పడినదో తెలిసిన వైద్యుడు ఆ మేరకు తగ్గించి ఇచ్చును, లేదా వేరొక మందును ఎంచుకొనును, ఊపిరి కొట్టు సంచిని సిద్ధముగా ఉంచుకొనును. తెలియని వైద్యుడు మరల మొదటినుండి ప్రారంభించును. ఆరెంపీ ఇచ్చినది ఇదే మందైనయెడల ఆ పసివానికి మూడు మోతాదులు పడినట్లే. పుస్తకములోని ఒక పంక్తి చికిత్సలో భాగమని మేము చెప్పుట ఇందువలననే.

ఇక లెక్క సంగతి. డయాజిపాం సాధారణముగా 10 మిల్లీగ్రాముల ఆంప్యూలుగా వచ్చును. ఆంప్యూలు పగులగొట్టిన పిమ్మట దానిని మరల మూయలేము. బాలునికి ఇచ్చినది 4, మిగిలినది 6. ఈ ఆరే చిక్కులన్నింటికి మూలము. పుస్తకములో "ఒక ఆంప్యూలు వాడితిమి" అని మాత్రమే వ్రాసినచో, పెట్టెలోని సంఖ్య సరిపోవును గాని నిజము సరిపోదు. ఆ చీటీని చూచిన వైద్యుడు బాలునికి 10 పడినదని భావించును. మిగిలిన ఆరు ఎచటికి పోయినదో అడుగువారు ఉండరు. కావున "ఇచ్చినది 4, పారవేసినది 6, పారవేయగా చూచినవారు ఫలానా" అని మూడు మాటలును వ్రాసి ఇద్దరు సంతకము చేయవలెను. ఒక్క సంతకముతో పారవేసిన మందు పారవేసినట్లు కాదని ఈ పనిలో ఆరితేరినవారి మాట. అపనమ్మకముచే గాదు, రేపు అనుమానము వచ్చిననాడు నిజాయితీపరుని కాపాడునది ఆ రెండవ సంతకమే.

ఆ పంక్తిలో తేదీ, గంట, రోగి పేరు, ఆ పిలుపునకు ఇచ్చిన సంఖ్య, మందు పేరు, బ్యాచి నెంబరు, గడువు తేదీ, ఆదేశించిన వైద్యుని పేరు, ఇచ్చినవాని పేరు, మిగిలిన నిల్వ ఉండవలెను. పొరపాటు వ్రాసినచో దానిపై తెల్లరంగు పూయరాదు, కాగితము చింపరాదు. చదువుటకు వీలుగా ఒకే గీత కొట్టి ప్రక్కన సరిచేసి సంతకము చేయవలెను. పుటలకు ముందుగనే అంకెలు వేసియుండవలెను. వెనుకటి రోజులలో కరణముల దస్త్రములను చూచిన పెద్దలకు ఈ పద్ధతి క్రొత్తగాదు.

గతుకుల బాటలో ఆంప్యూలు పగులుట గలదు. పగిలిన ముక్కలను దాచి, అదే పూట వ్రాసి, పై అధికారికి తెలుపవలెను. భయపడి ఆ ఖాళీని మరియొక రోగి పేర వ్రాయుట అన్నిటికంటె పెద్ద తప్పు. ఏలయన, ఇయ్యని మందు ఇచ్చినట్లుగా ఒకని చికిత్సాపత్రములోనికి ఎక్కును. దొంగ చేతి సంగతియు నున్నది. లోకములో పలుచోట్ల ఇట్టి మందును తీసికొని సీసాలో ఉప్పునీరు నింపిపెట్టిన ఉదంతములు బయటపడినవి. అట్టి సీసానుండి మందు పడిన రోగికి నొప్పి తగ్గదు. కారణము ఎవరికిని తోచదు. అందుచే లెక్కించునప్పుడు సంఖ్య చూచిన చాలదు, మూత, ముద్ర, గడువు తేదీ గూడ చూడవలెను.

చట్టము ఏమనుచున్నది? మన పెద్దలు నల్లమందు అని పిలిచినదానినుండియే మార్ఫీను తీయుదురు. 1930 నాటి ప్రమాదకర ఔషధముల చట్టము మున్నగువాటి స్థానమున 1985లో మత్తుమందుల, మానసిక ప్రభావ పదార్థముల చట్టము వచ్చినది. డయాజిపాం, మిడాజోలం వంటివి ఈ చట్టము క్రిందికి వచ్చును. అదే సంవత్సరపు నియమములు, ఇట్టి పదార్థములను ఉంచుకొను ఆసుపత్రులు, డిస్పెన్సరీలు కొనుగోలునకును వాడకమునకును సరియైన లెక్కలు ఉంచవలెనని ఆదేశించుచున్నవి. ఆ నియమములో వాహనము పేరు లేదు. అయినను వాహనములోని ఆంప్యూలు ఆకాశమునుండి ఊడిపడదు. ఏదో ఒక సంస్థ నిల్వనుండియే వచ్చును. ఆ సంస్థ లెక్క వాహనము తలుపు వద్ద ఆగిపోరాదు. లైసెన్సు గాని అనుమతి గాని పొందినవారు, వారి ఉద్యోగులు సరియైన కారణము లేక లెక్కలు ఉంచనిచో మూడేండ్ల వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని చట్టములోని 26వ విభాగము చెప్పుచున్నది. మందులషాపులకు వేరుగా, 2014 మార్చి 1 నుండి షెడ్యూలు హెచ్-1 అమలులో నున్నది. డయాజిపాం, మిడాజోలం, ట్రమడాల్ ఆ పట్టికలోనివే. అట్టి మందు అమ్మినపుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు, పరిమాణము ప్రత్యేక రిజిస్టరులో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. కెటమీను మరింత కట్టుదిట్టమైన షెడ్యూలు ఎక్స్‌లో నున్నది. దానిని తాళము వేసి ఉంచవలెను.

అయితే కట్టుబాటు భయముగా మారుటయు మంచిది గాదు. 1985 చట్టము వచ్చిన పిమ్మట అనుమతుల చిక్కులకును శిక్షలకును జంకి ఆసుపత్రులు మార్ఫీను ఉంచుటయే మానుకొన్నవి. 1997 నాటికి దేశములో వైద్యమునకు వాడిన మార్ఫీను సుమారు నూటికి 97 వంతులు తగ్గిపోయినది. పుండు కుట్టినవాడు, కాలు నలిగినవాడు, కాన్సరుతో మంచమెక్కినవాడు ఆ లెక్కలో ఎచటను కనబడరు. వారి మూలుగు కనబడదు. 2014లో చట్టమును సవరించి మార్ఫీను, ఫెంటనిల్ మొదలగు ఆరు మందులను ఆవశ్యక మాదక ఔషధములుగా ప్రకటించి, పలు అనుమతుల చిక్కును తగ్గించిరి. అమెరికాలో సైతము 2017లో ప్రత్యేక చట్టము చేసి, అంబులెన్సు సంస్థలు తమ పేరనే నమోదు చేసికొని ఇట్టి మందులను వాహనములలో ఉంచుకొనుటకు, వైద్యుని స్థిరమైన ముందస్తు ఆదేశముపై వాడుటకు వీలు కల్పించి, రాకకును వాడకమునకును లెక్కలు ఉంచవలెనని నిబంధించిరి. మందు ఉండవలెను, లెక్కయు ఉండవలెను. ఒకటి కావలెనని రెండవదానిని వదలుకొనుట మాకు సమ్మతము గాదు.

మన ప్రాంతమునకు మరియొక విశేషము గలదు. ప్రత్తి, మిరప చేలలో పురుగుమందు చల్లునప్పుడు గాని, మనసు విరిగి త్రాగినప్పుడు గాని విషము తలకెక్కుట తరచు వినుచున్నాము. కొన్ని రకముల పురుగుమందుల వలన కనుపాప సూదిమొనవలె చిన్నదగును. మార్ఫీను వలనను అట్లే చిన్నదగును. ఆ విషమునకు విరుగుడుగా ఇచ్చు అట్రోపిన్ వలన కనుపాప పెద్దదగును. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడును పెద్దది కావచ్చును. వైద్యుడు టార్చిలైటు వేసి మొట్టమొదట చూచునది కనుపాపనే. త్రోవలో ఏ మందు ఎన్ని గంటలకు పడినదో చీటీలో లేనిచో ఆ కన్ను ఆయనకు ఏమి చెప్పగలదు? అట్రోపిన్ మత్తుమందు గాదు, దానికి తాళము అక్కరలేదు. అయినను చీటీలో దానికిని చోటుండవలెను.

ఇందు గ్రామస్థుల పని ఏమున్నదని అడుగవచ్చును. మిరప రైతు గుంటూరు యార్డులో సరుకు దించి తక్‌పట్టీ లేకుండ తిరిగి వచ్చునా? ఎన్ని టిక్కీలు, ఎంత తూకము, ఏ ధర అని చూచుకొనిగాని కదలడు. రోగిని అప్పగించునపుడును అటులనే, త్రోవలో ఇచ్చిన మందు చీటీ ఆసుపత్రివారికి చేరినదా అని అడుగుడు. అడిగినందుకు ఎవరును కోపగింపరు, కోపగించినను అడుగవలెను. పెద్దాసుపత్రికి పంపునపుడు ఆ చీటీ గూడ వెంట రావలెను. వాహనము రాకముందు ఆరెంపీ వద్ద ఏ సూది వేయించినారో దాచక చెప్పుడు. ఆయనను ఇరికించినట్లగునని మొగమాటపడి ఊరకుండుట మేము ఎరిగినదే. ఆ మొగమాటమునకు వెల చెల్లించునది మంచముపై నున్నవాడు. వీలైనచో ఖాళీ సీసాను కొంగున ముడివేసికొని పోవుడు. పేరు చదువరాకున్నను వైద్యుడు చదువుకొనును.

అన్ని వాహనములలో ఒకే మందులుండవు. కొన్నింటిలో ఈ తరగతి మందులు అసలే ఉండకపోవచ్చును. ఉన్నచోట మాత్రము రోజుకు రెండుమార్లు, విధి మారునప్పుడు, దిగువాడును ఎక్కువాడును కలిసి పెట్టె తెరచి లెక్కింపవలెను. మన ఉదాహరణలోని రాత్రి తెల్లవారినది. బాలుడు వినుకొండలో కన్ను తెరచి నీళ్లడిగెను. వాహనము తిరిగి వచ్చి నిలిచినది. రాత్రి తీసికొన్నప్పుడు పెట్టెలో పది. బాలుని పేర ఒకటి, అందు ఇచ్చినది నాలుగు మిల్లీగ్రాములు, పారవేసినది ఆరు, సంతకములు రెండు. పగటివాడు ఒక్కొక్క ఆంప్యూలును వెలుతురునకు ఎత్తి చూచి, తొమ్మిది అని వ్రాసి తాళముచెవి తీసికొనెను.