ముందు రెండు సీట్లు, వెనక ఏం వేస్తారు?

కొత్త ఊళ్లో కాపురం పెట్టిన మనిషికి మొదటి ఏడాదంతా సామాను మోయడంతోనే సరిపోతుంది. నయా రాయపూర్‌కు వచ్చిన మన తెలుగువాళ్లకైతే మరీను. ఛత్తీస్‌గఢ్ సచివాలయం 2012లో ఇక్కడికి వచ్చింది. 2018లో ఊరికి అటల్ నగర్ అని పేరు పెట్టారు. ఇప్పుడు బోర్డుల మీద నవా రాయపూర్ అటల్ నగర్ అని ఉంటుంది. పేర్లు మారినంత వేగంగా దుకాణాలు మాత్రం రాలేదు. సెక్టార్ 27లోనో 29లోనో హౌసింగ్ బోర్డు ఇల్లు చేతికి వస్తుంది. మంచాలు, గ్రిల్లు, టైల్సు, నీళ్ల ట్యాంకు, పెరట్లోకి మట్టి, ఏది కావాలన్నా పాత రాయపూర్ నుంచి రావలసిందే. ప్రతిసారీ ఒక ఛోటా హాథీని, అదే టాటా ఏస్ బండిని, మాట్లాడుకోవాలి, కిరాయి బేరమాడాలి, వాడు వచ్చేదాకా గేటు దగ్గర ఎండలో నిలబడాలి. నాలుగోసారికి ఇంటాయన అననే అంటాడు: “మనమే ఓ చిన్న ట్రాలీ కొనేస్తే పోలా?”

ఆగండి. ఆ మాట అన్నది మీ అవసరమా, మీ చిరాకా?

ఇల్లు కట్టుకునే రోజుల్లో, సర్దుకునే రోజుల్లో మోత శిఖరం మీద ఉంటుంది. ఆ తర్వాత దిగిపోతుంది. ఆ శిఖరం మీద నిలబడి బండి కొన్నవాళ్లకు వాయిదాలు ఐదేళ్లు ఉంటాయి, లోడ్లు మాత్రం ఏడాది తిరిగేసరికి ఉండవు. ఈ ఊళ్లో చాలామందికి జరిగే పొరపాటు ఇదే. కాబట్టి మొదటి ఏడాది ఎంత విసుగొచ్చినా అద్దె బండే. కొనే ఆలోచన రెండో ఏడాదికి వాయిదా వేయండి. వ్యాపారం ఉన్నవాళ్ల సంగతి వేరు, అక్కడికే వస్తున్నాను.

మనం మాట్లాడుకుంటున్నది సింగిల్ క్యాబ్ చిన్న పికప్ గురించి. ముందు ఒకే వరస సీట్లు, డ్రైవరూ పక్కన ఒక్కరూ. వెనక అంతా బాడీ. 2005 మే నెలలో టాటా ఏస్ వచ్చాక ఈ తరగతి బండి మన ఊళ్లన్నిటికీ అలవాటైంది. దాన్ని తయారు చేసే ముందు కంపెనీవాళ్లు మూడు చక్రాల బండ్లు నడిపేవాళ్లను వెతుక్కుంటూ తిరిగారు. వాళ్లలో ఒక కుర్రాడు, నాలుగు చక్రాల బండి ఉంటే తనకు ఊళ్లో మంచి సంబంధం వస్తుందన్నాడట. నవ్వుకోకండి, ఆ కుర్రాడు నిజాయతీపరుడు. సరుకు మోయడంతో పాటు పరువు కూడా కావాలని పైకి చెప్పాడు. మనలో చాలామంది లోపల పరువు లెక్క వేసుకుని, పైకి పేలోడ్ గురించి మాట్లాడతాం. బండి కొనేటప్పుడు మీ కారణాల్లో గొప్ప ఎంత, పని ఎంత అన్నది ముందు మీకు మీరు ఒప్పుకోండి. గొప్ప ఉండటం తప్పు కాదు. దాని ఖరీదు తెలియకపోవడమే ఇబ్బంది.

కారు మనసులో స్పష్టత లేనివాడినీ భరిస్తుంది. ఆఫీసుకూ వెళ్తుంది, అత్తారింటికీ వెళ్తుంది, డిక్కీలో నాలుగు బస్తాలు కుక్కినా ఊరుకుంటుంది. సింగిల్ క్యాబ్ అలా కాదు. నీ పని ఏమిటో తేల్చుకుని రా అంటుంది. భార్యా ఇద్దరు పిల్లలతో రైలు స్టేషనుకు బయల్దేరితే పిల్లలకు చోటు లేదు. విజయనగరంలో పెళ్లికి వెళ్లాలంటే మళ్లీ రైలే. కాబట్టి ఇది ఇంటికి ఏకైక బండి కావడం కుదరదు. ఇంట్లో మరో వాహనం లేకపోతే ఇక్కడితో ఈ ఆలోచన ఆపేయవచ్చు.

‘వెనక కూర్చోబెడతాంలే’ అనే మాట మీ నోట రానే కూడదు. 2024 మే 20న ఇదే రాష్ట్రంలోని కబీర్‌ధామ్ జిల్లాలో, తునికాకు కోసుకుని తిరిగి వస్తున్న కూలీల పికప్ లోయలో పడింది. పందొమ్మిది మంది చనిపోయారు, వాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లే. సరుకు బండి బాడీలో సీటు లేదు, బెల్టు లేదు, పట్టుకోవడానికి ఆసరా లేదు. రిజిస్ట్రేషన్‌లో రాసినవాళ్లకు మించి ఎక్కిస్తే బీమా కంపెనీ కూడా చేతులెత్తేయవచ్చు. మా ఊరి జాతరకే కదా, నాలుగు కిలోమీటర్లే కదా అనకండి.

ఇప్పుడు పని లెక్క. ఒక నోటు పుస్తకం తీసుకుని నెల రోజులు రాయండి. ఏ రోజు ఏ సరుకు మోశారు, సుమారు బరువెంత, ఎంత దూరం, కిరాయి ఎంత ఇచ్చారు. ‘అప్పుడప్పుడు’, ‘తరచుగా’ లాంటి మాటలు పుస్తకంలో కనపడకూడదు. మనసు ఎప్పుడూ పెద్ద లోడునే గుర్తు పెట్టుకుంటుంది. ఫ్రిజ్జు తెచ్చిన రోజు గుర్తుంటుంది, ఖాళీగా గడిచిన మూడు వారాలు గుర్తుండవు. ఆ మూడు వారాలను పుస్తకమే చూపిస్తుంది.

రాసిన బరువులను బండి సామర్థ్యంతో పోల్చండి. టాటా ఏస్ తరగతి బండి సుమారు 750 కిలోలు మోస్తుంది. అంటే సిమెంటు బస్తాలు పదిహేను. వడ్లయితే ఇక్కడి నలభై కిలోల కట్టాలు పద్దెనిమిది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎకరానికి 21 క్వింటాళ్ల దాకా క్వింటాలు 3,100 రూపాయల లెక్కన కొంటోంది. అభన్‌పూర్ వైపు కౌలుకు చేసేవాళ్లున్నారు కదా, వాళ్లకు ఎకరానికి మూడు ట్రిప్పులు పడతాయి. ఐదెకరాలంటే పదిహేను ట్రిప్పులు. కొనుగోలు కేంద్రం దగ్గర టోకెన్ రోజున పదిహేను ట్రిప్పులు కుదరవు. ఆ రైతుకు కావలసింది బొలెరో పికప్ తరగతి, టన్నుంపావుకు పైన మోసేది. లేదా ఆ ఒక్క రోజుకు ట్రాక్టరు కిరాయి. చిన్న బండి మీద రెట్టింపు వేసి లాగిస్తానంటే ముందు కమాను పట్టీలు పోతాయి, తర్వాత టైర్లు, ఏదో ఒక రోజు ఇంకేదో.

బరువుతో పాటు పొడవూ చూడాలి. ఈ బండ్ల బాడీ ఏడడుగుల చిల్లర. ఇరవై అడుగుల పైపులతో పని చేసే ప్లంబింగ్ కాంట్రాక్టరుకు ఇది రోజూ తలనొప్పే. అదే క్యాంటీన్ నడిపేవాడికైతే సరిగ్గా సరిపోతుంది. నయా రాయపూర్ ఆఫీసులకూ కాలేజీలకూ భోజనాలు పంపే మనవాడొకడు ఉన్నాడనుకుందాం. తెల్లవారకముందే డూమర్‌తరాయ్ టోకు మార్కెట్లో కూరగాయలు, పది గంటలకు గ్యాసు సిలిండర్లు, పన్నెండుకు అన్నం గిన్నెలు, మూడింటికి ఖాళీ గిన్నెల వాపసు. వారానికి ఆరు రోజులు ఇదే వరస. బరువు ఎప్పుడూ అర టన్ను దాటదు, దూరం తక్కువ, రోడ్లు వెడల్పు. అతను రెండో ఏడాది దాకా ఆగనక్కర్లేదు, ఈ నెలలోనే కొనుక్కోవచ్చు.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ ధర తగ్గిందని లోడ్లు పెరగవు. ఐదు లక్షల అప్పు, పది శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 10,600 కిస్తీ. పైన బీమా. ఇక్కడే కారు అలవాటున్నవాళ్లు ఉలిక్కిపడతారు. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. 7,500 కిలోల లోపు సరుకు బండికి 16,049. చిన్నదైనా పెద్దదైనా అదే. కొత్త బండికి రెండేళ్లు ఫిట్‌నెస్ ఉంటుంది, తర్వాత ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా చేయించుకోవాలి. వీటికి డీజిలో పెట్రోలో, టైర్లో, డ్రైవరుంటే జీతమో కలపండి. నోటు పుస్తకంలోని నెల కిరాయి ఈ మొత్తాన్ని దాటితేనే సొంత బండికి అర్థం. దాటకపోతే కిరాయి బండివాడే మీ ఆప్తుడు. అతని నంబరు ఫోనులో భద్రంగా పెట్టుకోండి, సమయానికి వచ్చిన రోజున పది రూపాయలు ఎక్కువివ్వండి.

కాగితాల భయం మాత్రం అంత అక్కర్లేదు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిటు అవసరం లేదని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. కారు లైసెన్సుతో నడపొచ్చా అన్న సందేహం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 7,500 కిలోల లోపు బండ్లకు కారుకిచ్చే ఎల్‌ఎంవీ లైసెన్సే చాలని తేల్చింది.

ఇక అసలు పరీక్ష మీ స్వభావానికి. పికప్ కొన్న మర్నాటి నుంచి మీరు కాలనీ మొత్తానికి బావగారైపోతారు. “బావా, ఒక్క ఫ్రిజ్జు, ఇట్టే వచ్చేద్దాం.” “అన్నయ్యా, అమ్మాయి హాస్టలు ఖాళీ చేస్తోంది, నాలుగు పెట్టెలే.” రాయపూర్ తెలుగువాళ్లం ఒకరికొకరం సాయం చేసుకునే బ్రతికాం. 1931లో విజయనగరం నుంచి రైలు పట్టాలు ఇక్కడిదాకా కలిసినప్పటి నుంచి వచ్చిన ప్రతివాడికీ ముందు వచ్చినవాడే ఇల్లు చూపించాడు. ఆ మర్యాదను మన్నించాల్సిందే. కానీ ఆదివారం, ఆదివారం మీ బండి, మీ డీజిలు, మీ నడుము ఊరి సేవకే పోతుంటే ఆరు నెలల్లో బండి మీదా బంధువుల మీదా సమానంగా విరక్తి పుడుతుంది. కాదనలేని మనిషి పికప్ కొనకూడదు. కొంటే మొదటి వారంలోనే ఒక రేటు చెప్పండి, నవ్వుతూ చెప్పండి, అందరికీ ఒకటే చెప్పండి. బీదవాడికీ, చావు ఇంటికీ ఉచితం అన్న మినహాయింపు మీరే పెట్టుకోండి. పసుపు బోర్డు బండి కిరాయి తీసుకోవడానికే పుట్టింది. మొహమాటపడవలసిన పనేమీ లేదు.

ఇంకో ఊహ కూడా ఇక్కడ బలంగా ఉంది. రాయపూర్–విశాఖ ఆరు వరుసల రోడ్డు వస్తోంది, సుమారు 464 కిలోమీటర్లు, అది పూర్తయితే విశాఖ నుంచి చేపలు, మామిడి తోలుకుని బాగుపడిపోతామని. రోడ్డు మంచిదే, వ్యాపారమూ ఉంటుంది. కానీ అంత దూరం చిన్న ఇంజనుతో, ముప్పావు టన్ను సరుకుతో వెళ్లి వస్తే ఆ సరుకు మీద మిగిలేది ఖర్చులకే చాలదు. ఏస్ తరగతి బండి ఊరి చుట్టూ తిరిగే పనికోసం పుట్టింది. రేపటి వ్యాపారానికి రేపు సరైన బండి కొనుక్కోవచ్చు. ఇవాళ్టి పనికి ఇవాళ్టి బండి చూడండి.

అమెరికాలో సింగిల్ క్యాబ్ కథ ఇంకో దారి పట్టింది. అక్కడ టయోటా టకోమా పికప్‌లో రెగ్యులర్ క్యాబ్‌ను, అంటే ఒకే వరస సీట్ల రకాన్ని, 2015 మోడల్ నుంచి తీసేశారు. 2022 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ మావరిక్ రెండు వరసల సీట్లతోనే దొరుకుతుంది. ఒకే బండి ఇంటికీ పనికీ కావాలని కొనేవాళ్లు అడిగారు, దొరికింది, బండ్లు పెద్దవయ్యాయి, ధరలూ పెరిగాయి. డాలస్‌లో ఉన్న మీ మేనల్లుడి సలహా ఈ విషయంలో మనకు పనికిరాదు. మనకు చిన్న సింగిల్ క్యాబ్ ఇంకా చవగ్గా, రకరకాలుగా దొరుకుతోంది. ఇల్లు, పని రెండిటినీ ఒకే బండికి కట్టబెట్టకుండా ఉండే అవకాశం మనకుంది.

అన్నీ చూసుకుని కొనాలనే నిర్ణయించుకుంటే చివరగా ఒక్క పని చేయండి. షోరూంలో ఖాళీ బండి నడిపి చూసి సంతకం పెట్టకండి. ఖాళీగా ఉన్న పికప్ వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు జారే ప్రమాదం ఉంది. మన నయా రాయపూర్ రోడ్లు ఖాళీగా, తిన్నగా ఉండి కాలు యాక్సిలరేటరు మీద తెలియకుండానే నొక్కిస్తాయి. అలాగే లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఏమంటుందో కూడా వినాలి. అర టన్ను సరుకు వేయించండి, మధ్యాహ్నం ఎండలో తీసుకెళ్లండి, పక్క సీట్లో మీ ఇంటావిడనో రోజూ మీతో వచ్చే పనివాడినో కూర్చోబెట్టండి. ఈ తరగతిలో చాలా బండ్లకు ఏసీ ఉండదు. మే నెల రాయపూర్ ఎండ ఎంతో మీకు తెలుసు. దిగాక పక్క సీటు మనిషి ఏమన్నారో విని అప్పుడు సంతకం పెట్టండి. లోడు వేసి నడపనివ్వం అని షోరూంవాళ్లు అంటే ఇంకో షోరూముకు వెళ్లండి.