తెఱచిన కర్సరు, ముగియని ట్రాన్సాక్షను

ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను విద్యార్థులు డేటాబేసును ప్రశ్నించుటయందు చూపు శ్రద్ధ, పని తీఱిన పిమ్మట దానిని విడుచుటయందు చూపరు. ఈ వ్యాసము ఆ రెండవదానిని గూర్చినది.

ఒక ప్రశ్నకు వేలకొలది వరుసలు జవాబుగా వచ్చునపుడు, వానిని కొన్నికొన్నిగా తెచ్చుకొను సాధనమే కర్సరు. హాజరుపట్టీ పిలుచు ఉపాధ్యాయుడు పేరుపై వ్రేలుంచినట్లు, అది తానెంతవఱకు చదివెనో గుర్తుంచుకొనును. ఆ గుర్తునకు సర్వరులో కొంత జ్ఞాపకస్థలము వలయును గనుక పరిమితి కలదు. ఒరాకిల్‌లో ఆ పరిమితి, మనము మార్చనిచో, ఒక్కొక్క సెషనునకు 50. అది మీఱినచో ఓరా-01000 అను దోషము వచ్చును. అంతట పలువురు ఆ సంఖ్యను పెంచి ఊరకుందురు. ఇది కారుచున్న కుండక్రింద పెద్దపళ్లెము పెట్టుట వంటిది. మూయని కర్సరు ఎక్కడనున్నదో వెదకవలెను.

అది తఱచుగా దోషము పుట్టిన త్రోవలో దొరకును. ప్రోగ్రాము సరిగా నడచినపుడు చివరనున్న మూసివేత యాజ్ఞ నెఱవేఱును. నడుమ దోషము పుట్టినచో అక్కడికి చేరనే చేరదు. పది వరుసలతో పరీక్షించునపుడు ఈ లోపము కనబడదు. పలువురు వాడు దినమున పని నిలిచిపోవును. 2011లో వచ్చిన జావా 7 మొదలు ట్రై-విత్-రిసోర్సెస్ అను నిర్మాణము, ఏ త్రోవను వెడలినను మూసివేతను తానే చేయుచున్నది.

ట్రాన్సాక్షను విషయ మింకను సూక్ష్మము. ఒక ఖాతాలో 500 రూపాయలు తగ్గించి వేఱొకదానిలో చేర్చుట రెండు పనులైనను, రెండును కమిట్ కావలెను, లేదా రెండును రోల్‌బ్యాక్ కావలెను. జిమ్ గ్రే 1981లో ఈ భావమును విశదపఱచెను. ఏదియు చేయక విడిచినచో, మార్చిన వరుసలపై తాళములు నిలిచియుండును; వానినే మార్చగోరు తక్కినవారు వేచియుండవలెను. చదువుట మాత్రమే గదా యని ధైర్యపడరాదు. పోస్ట్‌గ్రెస్‌లో తెఱచిన కర్సరుతో ట్రాన్సాక్షను నిలిచియున్నంతకాలము, దానికి అవసరము కావచ్చునని వ్యాక్యూము పాత వరుసలను తొలగింపదు, పట్టికలు ఉబ్బును.

ఆ భయముచే కొందఱు కర్సరుతో చదువుచు ప్రతి వరుసకును కమిట్ చేయుదురు. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు కర్సరు కమిట్‌తోనే మూతపడును గాన, రెండవమాఱు తేబోవగా దోషము వచ్చును. విత్ హోల్డ్ అని ప్రకటించినది నిలుచును. కాని కమిట్ సమయమున సర్వరు ఆ వరుసల నకలు దాచుకొనవలెను. ఆ కర్సరును మూయు భారము మరల వ్రాసినవానిదే.