వేలంలో కొన్న గుర్రం

కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులపాటు కారంపూడిలో జరిగే పల్నాటి వీరుల ఉత్సవాలను గురించి మీలో చాలామంది వినే ఉంటారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ ఐదు రోజులకూ పేర్లు. నాగులేటి దగ్గర 12వ శతాబ్దంలో జరిగిన పోరును తలచుకుంటే కత్తులతోపాటు గుర్రాలు కూడా కళ్ళముందు మెదులుతాయి. కాని ఈనాడు పల్నాటిలో ఎద్దు నడక చూసి దాని సత్తువ చెప్పగల రైతులు ఎందరో ఉండగా, గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులో తప్ప దగ్గరగా చూసినవారు తక్కువ. 2012 పశుగణనలో మన దేశంలో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 నాటికి సుమారు 3 లక్షల 40 వేలకు తగ్గిపోయాయి.

ఇప్పుడొక చిన్న ఊహ చేద్దాం. కారంపూడిలో ఒక రైతు కుటుంబం, ఎక్కడో వేలంలో ఎవరికీ అక్కరలేక మిగిలిన రెండు గుర్రాలను జాలిపడి కొని తెచ్చుకున్నదనుకోండి. వాటి పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. గిట్టలు పెరిగి వంకర తిరిగాయి. ఇంట్లో ఎవరూ ఇదివరలో గుర్రాన్ని సాకి ఎరుగరు. మొదటి రాత్రి వాళ్ళేం చేస్తారు? జాలి గల ఎవరైనా చేసే పనే. ఉడికించిన ఉలవలు గంపెడు తెచ్చి ముందు పెడతారు. మూడు నాలుగు రోజులలో ఆ గుర్రం చనిపోవచ్చు! ఆకలితో కాదు, ఆ తిండితోనే. అది ఎలాగో తరువాత చూద్దాం.

వేలంలో గుర్రాలను కాపాడటం కొన్ని దేశాలలో చాలాకాలంగా సాగుతున్న పని. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో న్యూ హాలండ్ అనే ఊళ్ళో గుర్రాల వేలం జరుగుతుంది. 1956లో హ్యారీ డిలేయర్ అనే స్వారీ శిక్షకుడు ఆ వేలానికి ఆలస్యంగా చేరుకున్నాడు. మంచి గుర్రాలన్నీ అప్పటికే అమ్ముడైపోయాయి. మిగిలిన వాటిని కబేళాకు తీసుకుపోయే లారీలో ఎక్కించారు. అందులో ఒక తెల్లని గుర్రం, నాగలి లాగి అలసినది, ఆయనవైపు చూసింది. 80 డాలర్లిచ్చి దానిని దింపించాడు. ఇంటికి తెచ్చాక పిల్లలు దానికి 'స్నోమాన్' అని పేరు పెట్టారు. కొంతకాలానికి పొరుగున ఉన్న ఒక వైద్యునికి అమ్మితే, అది కంచెలు దూకి మళ్ళీ తన పాత ఇంటికే వచ్చేసింది. ఇంత ఎత్తు దూకగలదా అని అప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు. 1958లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన పోటీలలో అదే గుర్రం దేశంలోని పేరుమోసిన గుర్రాలనన్నిటినీ ఓడించింది.

ఈ కథ వినసొంపుగా ఉంది కనుకనే జాగ్రత్తగా వినాలి. వేలంలో మిగిలిన గుర్రాలన్నీ స్నోమాన్‌లు కావు. డొరొతీ బ్రూక్ అనే ఇంగ్లీషు మహిళ 1930లో ఈజిప్టుకు వెళ్ళినప్పుడు, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం అక్కడే అమ్మివేసిన గుర్రాలు కైరో వీధులలో ఎముకల గూళ్ళలాగా బండ్లు లాగుతూ కనిపించాయి. పత్రికకు ఉత్తరం వ్రాసి, ప్రజలు పంపిన విరాళాలతో సుమారు 5,000 గుర్రాలను కొన్నది. వాటిలో ఎక్కువ వాటికి ఆమె ఇవ్వగలిగినది కొద్దిరోజుల మంచి మేత, మెత్తని పడక, ఆ పైన నొప్పి లేని చావు. 1934లో ఆమె కైరోలో స్థాపించిన ఆసుపత్రి నుంచి పెరిగిన సంస్థ ఈనాడు మన దేశంలో కూడా పనిచేస్తున్నది.

మనవాళ్ళకు గుర్రం కొనడం కొత్త కాదు, సాకడమే కష్టమయింది. 13వ శతాబ్దం చివర దక్షిణ భారతం చూసిన మార్కోపోలో ఒక విచిత్రం వ్రాశాడు. అరబ్బు దేశాల నుంచి ఏటా వేలకొద్దీ గుర్రాలు ఓడలలో తమిళ తీరానికి దిగేవట. ఏడాది తిరిగేసరికి వాటిలో చాలా తక్కువ మిగిలేవట. అన్నంలో మాంసం కలిపి వండి గుర్రాలకు పెట్టేవారని, గుర్రాలకు వైద్యం చేయడం తెలిసినవాళ్ళే లేరని, అటువంటి వాళ్ళను గుర్రాల వర్తకులు రానిచ్చేవారు కారని ఆయన మాట. గుర్రం చస్తేనే కదా మరొకటి అమ్ముడుపోయేది! ఇందులో యాత్రికుని అతిశయోక్తి కొంత ఉండవచ్చు. కాని పశువును కొనగలిగిన రాజు కూడా దాని కడుపు సంగతి తెలియకపోతే దానిని నిలుపుకోలేడన్నది నిజమే.

ఆ కడుపు సంగతి చూద్దాం. ఆవు గడ్డిని గబగబా మింగి, తీరికగా నెమరువేస్తుందని మీకు తెలుసు. దాని మొదటి జీర్ణాశయంలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. గుర్రం నెమరువేయదు. దాని జీర్ణాశయం ఒళ్ళుతో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పట్టేది. సూక్ష్మజీవుల కార్ఖానా వెనుక భాగాన, అనగా అంధనాళంలోనూ పెద్దప్రేగులోనూ ఉంటుంది. అందువల్ల గుర్రం ఒక్కసారిగా తినేది కాదు. మేత దొరికే చోట వదిలితే రోజులో 16 గంటల దాకా కొద్దికొద్దిగా మేస్తూనే ఉంటుంది. ఎక్కువ గింజలు ఒకేసారి తింటే, చిన్నప్రేగులో అరగని పిండిపదార్థం వెనుకకు పోయి అక్కడ పులిసి ఆమ్లంగా మారుతుంది. దానితో కడుపుశూల వస్తుంది, గిట్టల లోపలి పొరలు వాస్తాయి. మరో చిక్కు ఏమంటే గుర్రం వాంతి చేసుకోలేదు. జీర్ణాశయపు ముఖద్వారంలోని కండరం అంత బిగువైనది. తిన్నది చెడ్డదైనా సరే, ముందుకు పోవలసిందే.

ఇది మామూలు గుర్రం సంగతి. పస్తులున్న గుర్రానికి ఇంకొక గండం ఉంది. తిండి లేనప్పుడు శరీరం తన కొవ్వును, ఆ తరువాత తన కండను కరిగించుకుని బతుకుతుంది. భాస్వరం, మెగ్నీషియం వంటి లవణాల నిల్వలు అడుగంటుతాయి. అప్పుడు హఠాత్తుగా ఉలవలో, జొన్నలో కడుపునిండా పెడితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఇన్సులిన్ ఊరుతుంది. ఇన్సులిన్ చక్కెరను జీవకణాలలోకి తోస్తుంది, చక్కెరతోపాటు మిగిలిన కొద్దిపాటి భాస్వరాన్ని, పొటాషియంను, మెగ్నీషియంను కూడా రక్తంలో నుంచి లాగేస్తుంది. గుండె కండరానికి, ఊపిరి పీల్చే కండరాలకు అవి లేకపోతే పని సాగదు. కొత్త తిండి మొదలైన మూడు నుంచి ఐదు రోజులలో గుర్రం కూలిపోతుంది. 1945లో ఐరోపాలోని నిర్బంధ శిబిరాల నుంచి విడుదలైన మనుషులలో కొందరు ఇదే విధంగా, జాలిపడి పెట్టిన తిండితో మరణించారు.

మరి ఏం పెట్టాలి? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని పరిశోధకులు పస్తులున్న గుర్రాలకు రకరకాల మేతలు పెట్టి చూశారు. అన్నిటికన్నా ఎండు లూసర్న్ గడ్డి మేలనిపించింది. దానిలో పిండిపదార్థం తక్కువ, భాస్వరం, మెగ్నీషియం ఎక్కువ. మొదటి మూడు రోజులు ప్రతి 4 గంటలకు సుమారు 450 గ్రాములు, రోజుకు 6 సార్లు. అర్ధరాత్రి కూడా లేవవలసిందే. లెక్క కట్టి చూడండి, రోజంతటికీ 2 కిలోల 700 గ్రాములు మాత్రమే. ఆకలిగా చూస్తున్న జంతువు ముందు అంత చిన్న పిడికెడు వేసి వెనుదిరగడం ఎంత కష్టమో! నాలుగో రోజు నుంచి మెల్లగా పెంచి, 10 రోజుల తరువాత కావలసినంత గడ్డి పెట్టవచ్చు. గింజల మాట అప్పుడే వద్దు. ఉలవలకు ఇంగ్లీషులో 'హార్స్ గ్రామ్' అని పేరు వచ్చినా సరే, అవి ఒళ్ళు పట్టిన గుర్రానికి, పని చేసే గుర్రానికి.

పల్నాటి రైతుకు చేతికందే మేత జొన్న. లేత జొన్న పిలకలు మేస్తే ఆవులు విషం ఎక్కి చనిపోతాయని వాళ్ళకు బాగా తెలుసు. గుర్రానికి ఆ ప్రమాదం కొంత తక్కువ, కాని వారాల తరబడి పచ్చి జొన్న మేస్తే మూత్రాశయం దెబ్బతిని వెనుక కాళ్ళు తూలుతాయి. ఆవుకు సరిపడినదంతా గుర్రానికి సరిపడదు. కుడితి తొట్టి దగ్గరకు దానిని తీసుకుపోకపోవడమే మంచిది.

గుర్రం ఒళ్ళు పట్టుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి 1983లో హెన్నెకె అనే ఆయన, ఆయన సహచరులు 1 నుంచి 9 దాకా అంకెలు వేసే పద్ధతి ఒకటి ప్రకటించారు. మెడ, మూపు, పక్కటెముకలు, నడుము, తోక మొదలు చేత్తో తడిమి చూడాలి. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే విపరీతమైన కొవ్వు, 5 సరియైనది. దీనిలోని కిటుకు మీరిప్పుడే చూడవచ్చు. పిడికిలి బిగించి, కణుపుల మీద రెండో చేతి వేలు నడపండి. పక్కటెముకలు అలా తగిలితే గుర్రం మరీ చిక్కినట్టు. ఇప్పుడు చెయ్యి చాచి దాని వీపు తడమండి. అలా తగిలితే బాగున్నట్టు. అరచేతి కండలాగా తగిలితే బలిసినట్టు. మీ ఇంటి కుక్కకు కూడా ఈ పరీక్ష పనికివస్తుంది.

గిట్ట కూడా గోరు వంటిదే. నెలకు సుమారు 1 సెంటీమీటరు దాకా పెరుగుతుంది కనుక ఆరు, ఎనిమిది వారాలకొకసారి చెక్కించాలి. పళ్ళు కూడా అంతే, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పైకి వస్తూనే ఉంటాయి. దవడపళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలు గీరుకుంటే మేత నమలలేక చిక్కిపోతుంది, అప్పుడు పశువైద్యుడు ఆకురాయితో అరగదీయాలి. ఇదంతా ఖర్చే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. పనిచేయలేని గుర్రానికి కూడా రోజూ మేత కావాలి, అది 25 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది.

ఒకటి మరచిపోకూడదు. వేలం నుంచి వచ్చిన గుర్రాన్ని మూడు నాలుగు వారాలపాటు ఇతర గుర్రాలకు, గాడిదలకు దూరంగా, వేరే తొట్టితో ఉంచాలి. గ్లాండర్స్ అనే వ్యాధి గుర్రం నుంచి మనిషికి కూడా సోకుతుంది. దాని కోసం రక్తపరీక్ష తప్పక చేయించాలి. మన దేశంలో ఈ పరీక్షలకు హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. జోరీగలు కుట్టడం వల్ల 'సుర్రా' జ్వరం వస్తుంది. దాని సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు అప్పటి మన పంజాబులోనే కనుగొన్నాడు.

పల్నాటి పొలాలకు గుర్రం ఋణం ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కాటుకు ఆసుపత్రులలో ఎక్కించే మందు గుర్రపు రక్తం నుంచి తయారవుతుంది. కొద్దికొద్దిగా విషం ఎక్కించిన గుర్రం రక్తంలో దానికి విరుగుడు పుడుతుంది, ఆ విరుగుడునే వేరుచేసి శుద్ధి చేస్తారు.

మన ఊహలో కుటుంబం రెండు గుర్రాలను తెచ్చుకున్నదని చెప్పుకున్నాం. అదే మంచిదయింది. గుర్రం మంద జంతువు, ఒంటరిగా కట్టివేస్తే దిగులుపడి గడపలు కొరుకుతుంది. దాని కాళ్ళలోని కీలుబంధాలు బిగుసుకుని నిలబడే కునుకు తీయగలదు. కాని గాఢనిద్రకు నేలమీద ఒరగవలసిందే, అదీ రోజుకు గంట లోపే. కొత్తచోట భయం తీరనిదే అది నేలకు ఒరగదు. కొన్ని గుర్రాలు రోజుల తరబడి నిలబడే ఉంటాయి. తెల్లవారుజామున కొట్టంలోకి వెళ్ళిన పిల్లలకు ఒకరోజు ఒక గుర్రం కాళ్ళు చాచి పడుకుని, రెండోది పక్కనే చెవులు నిక్కించి నిలబడి కనిపిస్తే, అలికిడి చేయకుండా వెనుకకు రావాలి.